ది ఎండ్ తర్వాత భోజనానికి వచ్చినవాడు

నీ ఫోనులో ఎర్ర చుక్క వెలుగుతోంది కాబట్టి నా మాటలు ఎక్కుతున్నట్టే. టైపు చేసేటప్పుడు పేర్లు మాత్రం రాయకు తల్లీ. మీ తాతయ్యని తాతయ్య అనే రాయి, మీ అమ్మని అమ్మ అనే రాయి. ఊళ్ళ పేర్లుంటే ఉండనీ, ఊళ్ళకేం బాధ.

ఇది ఒక సినిమా సంగతి. ఇంగ్లండులో తీసిన హారర్ సినిమా. దాని పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆ సినిమాని నేను పెళ్ళైన కొత్తలో విన్నాను, మొన్న చలికాలంలో చూశాను. మధ్యలో నా కాపురమంతా గడిచిపోయింది.

అప్పట్లో కాకినాడలో ఆదివారం పొద్దున్న ఆటకి ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. కాలేజీ కుర్రాళ్ళు, ఆఫీసుల్లో పనిచేసే మగవాళ్ళు వెళ్ళేవారు. ఆడవాళ్ళు వెళ్ళకూడదని ఎవరూ గోడ మీద రాయలేదు, వెళ్ళేవారు కాదంతే. అందుకని చూసొచ్చినవాళ్ళు చూడనివాళ్ళకి కథ చెప్పేవారు. కథ చెప్పడమంటే రెండు ముక్కల్లో తేల్చెయ్యడం కాదు. మొదట పడే పేర్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎవరు ఏం కట్టుకున్నారో, జనం ఎక్కడ ఈల వేశారో, ఎక్కడ కరెంటు పోయిందో కూడా చెప్పాలి. మా మేనత్త తెలుగు సినిమా మ్యాట్నీకి వెళ్ళొచ్చిందంటే మర్నాడు మా అరుగు మీద వీధిలో ఆడవాళ్ళందరికీ రెండో ఆట. మంచినీళ్ళు తాగడానికి ఇంటర్వెల్ కూడా ఇచ్చేది.

మీ తాతయ్య మాత్రం నాకొక్కదానికే చెప్పేవారు. ఆయన పోర్టు ఆఫీసులో గుమాస్తా. చొక్కాలు ఇంకొకరు ఇస్త్రీ చేస్తే ఆయనకి నచ్చేది కాదు. ఆదివారం మధ్యాహ్నం వసారాలో బల్ల మీద దుప్పటి పరుచుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో వారానికి సరిపడా చేసుకునేవారు. బొగ్గులు ఆరిపోకుండా విసనకర్రతో విసరడం నా పని. ఇంటినిండా జనం, అత్తగారు, మామగారు, మరుదులు. మేమిద్దరం పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటే ఎవరూ ఏమీ అనని సమయం అదొక్కటే. అందుకే ఆయన ఒక్కో చొక్కా అంత నెమ్మదిగా చేసేవారు.

ఒక ఆదివారం ఇస్త్రీ మొదలుపెడుతూ, "ఏమోయ్, ఇవాళ సినిమా అచ్చం మీ పుట్టింటివాళ్ళ కథే," అన్నారు.

"మా వాళ్ళకేం వచ్చింది?"

"ఇంటికొచ్చినవాణ్ణి తిండి పెట్టి చంపుతారు."

నేను విసనకర్ర ఆపేశాను.

"బొగ్గులు, బొగ్గులు," అన్నారు.

ఆయన చెప్పిన కథ ఇది. సముద్రానికి దగ్గర్లో ఒక పాత ఇల్లు. అందులో ఒక తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పిల్లలకి పెళ్ళిళ్ళు కాలేదు, వయసులు మీరిపోయాయి. ఇంటి వెనక ఆపిల్ తోట. వానలకి రోడ్డు మునిగిపోయినప్పుడు దారినపోయేవాళ్ళు వచ్చి వాళ్ళ తలుపు తడతారు. తల్లి లోపలికి పిలిచి, మంట దగ్గర కూర్చోబెట్టి, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన రొట్టె తినిపిస్తుంది. తెల్లారేసరికి ఆ మనిషి ఉండడు. తోటలో ఇంకో చెట్టు కింద మట్టి కొత్తగా తవ్వి ఉంటుంది. పెద్దకొడుకు చేతులు కడుక్కుంటాడు, చిన్నకొడుకు తువ్వాలు అందిస్తాడు. కూతురు పోయినవాడి బూట్లు శుభ్రంగా తుడిచి, పాత బూట్ల పక్కన వరసలో పెడుతుంది. ఎవరూ గొంతెత్తి మాట్లాడరు, విసుక్కోరు.

"మనింటికంటే నయం. పని పంచుకుంటారు," అన్నారు మీ తాతయ్య. లోపల అత్తగారికి వినబడుతుందేమోనని నేను భయపడ్డాను.

"ఎందుకు చంపుతారు మరి?"

"చెప్పే ఉంటారు. ఇంగ్లీషులో చెప్పి ఉంటారు."

ఆయనకి ఇంగ్లీషు బాగానే వచ్చు, కాని అది ఫైళ్ళలో ఇంగ్లీషు. నోట్లో వేడి దుంప పెట్టుకున్నట్టు తెల్లవాళ్ళు మాట్లాడేది సగమే అందేది. అందని చోట సొంత మాటలు పెట్టి చెప్పేవారు. ఏవి వాళ్ళ మాటలో ఏవి ఈయన మాటలో నాకు తెలిసేది కాదు, అక్కరా లేదు.

సినిమా చివరికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆ ఇంట్లో ఒక పియానో బాగుచేసేవాడు ఉంటాడట. సన్నటి మనిషి, కోటుకి మధ్య గుండీ ఉండదు.

"వాడెప్పుడొచ్చాడు?" అన్నాను.

"అడక్కు. నేనూ అడగలేదు."

వాణ్ణీ చంపేస్తారు. తోటలో పూడ్చేస్తారు. కూతురు బూట్లు తుడిచి, వచ్చి పియానో మీద ఒక మెట్టు నొక్కుతుంది. అది పలకదు. టక్కుమని మొద్దు చప్పుడు వస్తుంది, అంతే. తెర మీద ‘ది ఎండ్’ అని పడుతుంది.

ఇక్కడికొచ్చాక మీ తాతయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేవారు. ఎప్పుడు చెప్పినా ఇక్కడ పెట్టేవారు.

"జనం లేచారు. సగంమంది గేటు దాటిపోయారు కూడా. నా చెప్పు ఒకటి ముందు సీటు కిందకి పోయింది. అది వెతుక్కుంటుంటే సినిమా మళ్ళీ మొదలైంది."

"ది ఎండ్ పడ్డాక?"

"పడ్డాకే. అసలు సినిమా అదీ."

ది ఎండ్ తర్వాత వాన. ఆ పియానోవాడే, చంపి పూడ్చిపెట్టినవాడే, చేతిలో సంచితో తడుసుకుంటూ గేటు తీసుకుని వస్తాడు. ఇప్పుడు కోటుకి గుండీలన్నీ ఉన్నాయి. చచ్చిపోతే అన్నీ బాగవుతాయి కాబోలు అనేవారు మీ తాతయ్య. తల్లి తలుపు తీస్తుంది, ఏమీ ఆశ్చర్యపోదు. "రండి, ఆలస్యమైంది, కూర్చోండి," అంటుంది. చంపినవాళ్ళూ చచ్చినవాడూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటారు. తల్లి వాడి మొహంలోకి చూసి, "మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి," అంటుంది. వాడు అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. తర్వాత పియానో విప్పి బాగుచేసి, ఒక పాట వాయిస్తాడు. అందరూ కదలకుండా వింటారు. కూతురు నవ్వుతుంది. పాట మధ్యలో తెర తెల్లబడిపోతుంది.

"తెల్లగా అంటే?"

"తెల్లగా. ఏమీ లేదు. హాల్లో లైట్లు వేశారు."

ఇంతే కథ. దీన్ని ఆయన బతికినన్నాళ్ళూ చెప్పారు. మా అన్నదమ్ములు ఇంటికొస్తే వాళ్ళ కంచాల్లోకి నేను గరిట దించేసరికి వెనకనుంచి, "మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి," అని ఆ తల్లి గొంతుతో అనేవారు. మీ అమ్మకి చిన్నప్పుడు జ్వరం వస్తే ఈ కథే. పసిపిల్లకి హత్యల కథేమిటండీ అంటే, "హత్యల దగ్గర నిద్రపోతుందిలే, భోజనాల దగ్గర లేపుతాను," అనేవారు.

మీ అమ్మ మమ్మల్నిద్దర్నీ స్పాన్సర్ చేసి కెనడాలో విన్నిపెగ్‌ తెచ్చుకున్నాక కూడా ఆయన అలవాటు మారలేదు. బేస్‌మెంట్‌లో టీవీ పక్కన ఇస్త్రీ బల్ల వేయించుకున్నారు. చలికి ఇంజన్లు గడ్డకట్టకుండా రాత్రుళ్ళు కార్లకి వైర్లు పెట్టి కరెంటు ఇవ్వడం చూసి, "ఈ ఊళ్ళో కార్లకీ ఇస్త్రీపెట్టెలకీ తేడా లేదోయ్," అని వారం రోజులు నవ్వారు. నువ్వు మెట్ల మీద కూర్చుని పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసుకు తింటూ ఆ కథ వినేదానివి. నువ్వు ఇంగ్లీషులో అడిగేదానివి, ఆయన తెలుగులో చెప్పేవారు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

నిరుడు చలి ముదరకముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇస్త్రీకని కిందికి వెళ్ళారు. నేను పైన పప్పుకి పోపు వేస్తున్నాను. భోజనానికి పిలిస్తే పలకలేదు. నువ్వు దిగి చూశావు. తర్వాత సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. చదివేవాళ్ళకి ఇంతే చాలు: ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, వైరు చుట్టి, నిలబెట్టి ఉంది. బల్ల మీద నీలం గళ్ళ చొక్కా. ఒక చెయ్యి అయింది, రెండోది కాలేదు.

అంటే ఏదో అవుతోందని ఆయనకి తెలిసింది. ప్లగ్గు తీసేంత వ్యవధి ఉంది. వైరు చుట్టేంత వ్యవధి ఉంది. పైకి ఒక్క కేక వెయ్యలేదు.

నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకోవడం కాదు, రాలేదు. తెలిసినవాళ్ళు డబ్బాల్లో పులిహోర, సాంబారు తెచ్చారు. తిన్నాను. ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. స్నానం చేసేదాన్ని, జడ వేసుకునేదాన్ని, మీ అమ్మ ఆఫీసుకెళ్ళాక కిటికీలోంచి ఎదురింటివాళ్ళు మంచు తవ్వుకోవడం చూసేదాన్ని. వాళ్ళు తవ్వేవారు, మళ్ళీ పడేది. నాకు బాగానూ లేదు, బాగాలేకపోవడమూ లేదు.

మీ అమ్మ భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు అడగడం, మీ అమ్మ తెలుగులో చెప్పడం, నేను చెప్పడం, మీ అమ్మ మళ్ళీ ఇంగ్లీషులో చెప్పడం.

"నిద్ర పడుతోందా అని అడుగుతున్నారమ్మా."

"పడుతోంది."

"దిగులుగా ఉంటోందా అని."

"లేదు."

"లేదేమిటమ్మా. ఉండాలి కదా."

"అది ఆవిడ అడిగిందా, నువ్వడుగుతున్నావా?"

డాక్టరు నవ్వింది. భాష తెలియకపోయినా తల్లీకూతుళ్ళ గొడవ తెలిసినట్టుంది.

కాని ఒక్కటి జరిగింది. ఒకరోజు అన్నం తింటూ ఆ భోజనాల ముక్క మనసులో చెప్పుకుంటున్నాను. తల్లి తలుపు తీసి ఏమంటుంది? ‘రండి, ఆలస్యమైంది’ అంటుందా, ‘ఆలస్యమైంది, రండి’ అంటుందా? తేలలేదు. ఆయన గొంతులో వినాలని చూశాను. నా గొంతే వినబడింది. అన్ని రోజుల్లో నాకు భయమేసింది అప్పుడొక్కసారే. ఆయన ఫోటోలున్నాయి, కళ్ళజోడుంది, చొక్కాలున్నాయి. వాటిని చూస్తే నాకేమీ కాలేదు. ఆయన నా ఒక్కదాని కోసం మొదలుపెట్టింది మాత్రం ఆ కథే. ఆ ది ఎండ్ తర్వాత ముక్క కూడా జారిపోతే ఇంక నా దగ్గర ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం నువ్వు కాలేజీ నుంచి రాగానే అడిగాను. "ఆ సినిమా దొరుకుతుందా? నాకు మొత్తం అక్కర్లేదు. ది ఎండ్ తర్వాత ముక్క ఒక్కటి చూపించు చాలు."

నువ్వు ఎన్నాళ్ళు వెతికావో నాకు తెలుసు. పేరు తెలియదు, నటుల పేర్లు తెలియవు. ఆపిల్ తోట, బూట్లు, పియానో అని ఇంటర్నెట్లో పాత హారర్ సినిమాల పిచ్చివాళ్ళు మాట్లాడుకునే చోట రాసిపెట్టావు. ఎవరో ఇంగ్లండు ఆయన పోల్చుకున్నాడు. విడుదలైనప్పుడు అక్కడే ఎవరూ చూడలేదట. మన కాకినాడ దాకా వచ్చిందంటే ఆయనకి నమ్మకం కలగలేదట. డిస్కు అక్కణ్ణుంచి పోస్టులో వచ్చింది. ఆ దేశం డిస్కు ఈ దేశం ప్లేయర్లో ఆడదని తేలింది. ఎలాగో లాప్‌టాప్‌లోకి ఎక్కించి బేస్‌మెంట్ టీవీకి తగిలించావు.

శనివారం పగలు చూశాం. కిటికీకి సగం దాకా మంచు పేరుకుని గదంతా తెల్లటి వెలుతురు. టీవీ పక్కన ఇస్త్రీ బల్ల అలాగే ఉంది, దాని మీద నీలం గళ్ళ చొక్కా అలాగే ఉంది. తీసేద్దామని మీ అమ్మ రెండుసార్లు అంది. నేను ఉంచమనీ అనలేదు, తియ్యమనీ అనలేదు. అది అలా ఉండిపోయింది.

సినిమా మొదలైంది. ఇల్లు ఉంది, తోట ఉంది, తల్లి ఉంది. ఆయన చెప్పినదానికంటే తల్లి చిన్నది, చక్కగా ఉంది. కూతురు బూట్లు తుడుస్తోంది. ఒకళ్ళు పోయారు, ఇంకొకళ్ళు పోయారు. పియానోవాడు వచ్చాడు, తిన్నాడు, పియానో బాగుచేశాడు. తర్వాత వాణ్ణి చంపారు, పూడ్చారు. కూతురు మెట్టు నొక్కింది. టక్కుమంది. ది ఎండ్ పడింది.

నేను కూర్చునే ఉన్నాను. టీవీ నల్లబడింది.

"దట్స్ ఇట్, అమ్మమ్మా."

"ఇంకా ఉంది."

"లేదు. ఫైల్ అయిపోయింది. సీ?"

"ఇంకా ఉంది. వాడు రావాలి."

నువ్వు అటూ ఇటూ జరిపి చూపించావు. ఏమీ లేదు. అప్పుడు మీ అమ్మ బట్టల బుట్టతో కిందికొచ్చింది. నన్ను చూసి, నిన్ను చూసి, బుట్ట కింద పెట్టింది.

"ఏమైంది?"

"తాతయ్య చెప్పిన ఎండింగ్ లేదు," అన్నావు నువ్వు.

"నాన్న సరదాకి కల్పించి ఉంటారమ్మా," అంది మీ అమ్మ మెల్లగా. "నాన్న సంగతి తెలీదా?"

సరే అన్నాను. మెట్లెక్కి పైకి వెళ్ళి చపాతీ పిండి కలిపాను. మీ అమ్మ నా వెనకే వచ్చి చాలాసేపు నిలబడింది. నాకేదో అవుతుందని అనుకుంది. నాకేమీ కాలేదు. చచ్చినవాడు రాలేదు, అంతే. చచ్చినవాళ్ళు రారు. అది తెలియనిదేమీ కాదు.

ఆ తర్వాత వారంలో నువ్వు నీ చలికోటు తెచ్చి ఇచ్చావు, గుండీ ఊడిందని. బస్సెక్కుతుంటే ఊడిందన్నావు. దారం ఎక్కించి, సూది గుచ్చి, ఆగిపోయాను. ఊడిన గుండీ దానంతటది మళ్ళీ రాదు. కుడితేనే వస్తుంది. చచ్చినవాడి కోటుకి గుండీ ఎవరు కుట్టారు?

"ఆ పియానోవాడు మొదట వచ్చే చోటు పెట్టు," అన్నాను.

"అమ్మమ్మా, మళ్ళీ వద్దు. ప్లీజ్."

"గుండీలు చూడాలి. పెట్టు."

వాన. గేటు. వాడు సంచితో వస్తున్నాడు. కోటుకి గుండీలన్నీ ఉన్నాయి. లోపలికొచ్చాడు, తిన్నాడు, పియానో మూత ఎత్తి లోపలికి వంగాడు. అక్కడ మధ్య గుండీ తెగి పియానోలో పడింది. వాడు చూసుకోలేదు. మొదటిసారి నేనూ చూడలేదు, నేను వాడు చావడం కోసం, చచ్చి రావడం కోసం ఎదురుచూస్తున్నాను. కూతురు చివర్లో నొక్కితే టక్కుమన్నది ఆ గుండీయే. మీ తాతయ్యకి ఆ చప్పుడు ఎందుకో ఎప్పటికీ తెలియలేదు.

అప్పుడు నీకు చెప్పాను. సినిమా అంటే అప్పట్లో ఇలా ఒక్క ముక్క కాదు. రీళ్ళు. గుండ్రటి రేకు డబ్బాల్లో వచ్చేవి. ఆపరేటరు ఒకటయ్యాక ఒకటి ఎక్కించాలి. ఆ ఆదివారం ఆఖరి డబ్బా ముందు ఎక్కించి, దాని ముందు డబ్బా తర్వాత ఎక్కించాడు. అందుకే మనిషి రాకుండానే ఇంట్లో ఉన్నాడు. అందుకే ది ఎండ్ తర్వాత నడుచుకుంటూ వచ్చాడు. అందుకే పాట మధ్యలో తెర తెల్లబడింది. ఆ తర్వాత రీలు అప్పటికే అయిపోయింది.

"వెయిట్. హాల్లో ఒక్కరు కూడా అడగలేదా?"

"ఇంగ్లీషు సినిమా కదా. అర్థం కాకపోతే తప్పు మనదే అనుకునేవాళ్ళం."

నువ్వు నవ్వడం మొదలుపెట్టి ఆపేశావు. "తాతయ్యకి తెలుసా మరి?"

ఇది నేను చాలా ఆలోచించాను. ఓడలోంచి దిగిన సరుకులో ఒక్క బస్తా అటూ ఇటూ అయితే కాగితం చూసే పట్టుకునేవారు ఆయన. అలాంటి మనిషికి ఒక్కరోజైనా అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చి ఉంటుంది. వచ్చినా నాకు మార్చి చెప్పలేదు. లేదా రాలేదేమో. అడుగుదామంటే మనిషి లేడు.

"తాతయ్య ఆర్డర్లో పెడతాను," అన్నావు నువ్వు. లాప్‌టాప్‌లో ఆ ముక్కని కోసి ది ఎండ్ తర్వాత అతికించడానికి నీకు అన్నం ఉడికినంత సేపు కూడా పట్టలేదు. కాకినాడలో ఆపరేటరు చేసిన తప్పే నువ్వు కావాలని చేశావు.

మళ్ళీ కూర్చున్నాం. పూడ్చారు. టక్కుమంది. ది ఎండ్ పడింది. నువ్వు నా వైపు చూశావు. తర్వాత వాన మొదలైంది.

వాడు వచ్చాడు తల్లీ. ఆయన చెప్పినట్టే, చేతిలో సంచితో, గుండీలన్నీ ఉన్న కోటుతో. తల్లి తలుపు తీసింది. ఆశ్చర్యపోలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టింది, వడ్డించింది, వాడి మొహంలోకి చూసి ఏదో అంది.

"మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి," అన్నాను నేను.

నువ్వు తల దించుకున్నావు. నువ్వు అబద్ధం చెప్పలేనప్పుడు అలాగే ఉంటావు.

"అది కాదా?"

"కాదు అమ్మమ్మా."

"మరేమంటోంది?"

నువ్వు కాస్త వెనక్కి జరిపి మళ్ళీ విన్నావు. "ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికైనా చెప్పారా, అంటోంది."

హారర్ సినిమాలో ఆ మాట ఎందుకు అడుగుతారో నాకూ తెలుసు. ఎవరికీ తెలియకపోతే చంపడం తేలిక.

"వాడేమన్నాడు?"

"లేదు, ఎవరికీ చెప్పలేదు, అన్నాడు."

వాడు తల అడ్డంగా ఊపాడు. నేను తెర వైపు చూస్తున్నాను, కంటి చివర ఇస్త్రీ బల్ల కనబడుతోంది. చుట్టిపెట్టిన వైరు, ఒక చెయ్యి అయిన చొక్కా. ఎవరికీ చెప్పలేదు. ఆయన పెళ్ళానికి కూడా చెప్పలేదు. పైన పోపు వేస్తోంది కదా, వినబడదనుకున్నారేమో. పప్పు మాడుతుందనుకున్నారేమో.

అప్పుడూ ఏడవలేదు. చదివేవాళ్ళు ఇక్కడ ఏడుస్తాననుకుంటారు, ఏడవలేదనే రాయి. లేచి ఇస్త్రీపెట్టె వైరు విప్పి ప్లగ్గు పెట్టాను. టీవీలో పియానో మెట్లు ఒక్కొక్కటే పలుకుతున్నాయి. చొక్కా మీద నీళ్ళు చిలకరించాను. మొదటి చేతి మీద ఆయన పెట్టిన మడత ఇంకా కత్తిలా ఉంది.

అప్పుడే మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చి, పై మెట్టు మీద నిలబడింది. బూట్లు కూడా విప్పలేదు.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ఇస్త్రీ."

ఎవరికని అడగలేదు. కిందికొచ్చి టీవీ చూసింది. బల్ల దగ్గర తల్లి, కొడుకులు, కూతురు, పియానోవాడు. ఏమిటిదంది. నువ్వు రీళ్ళ సంగతి ఇంగ్లీషులో గబగబా చెప్పావు. మీ అమ్మ తెర వైపే చూస్తూ, "నాన్న కల్పించలేదా?" అంది.

"కల్పించలేదు. ఆయనకి చూపించిందే చెప్పారు," అన్నాను. "కూర్చో. మళ్ళీ ది ఎండ్ దగ్గర్నుంచి పెడుతుంది."

నువ్వు పెట్టావు, చప్పుడు తగ్గించి. తెర మీద వాన పడుతోంది. నేను ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని, ఆయన మాటల్లో మొదలుపెట్టాను. వాడు వస్తాడు, తల్లి తలుపు తీస్తుంది, ‘ఆలస్యమైంది, రండి, కూర్చోండి’ అంటుంది.

"‘రండి’ ముందు," అంది మీ అమ్మ.

"ఏమిటి?"

"‘రండి, ఆలస్యమైంది, కూర్చోండి.’ నాన్న అలా చెప్పేవారు. ‘రండి’ అన్నాక కాస్త ఆగేవారు."

"నీకు గుర్తుందా?"

"నాకు జ్వరమొచ్చిన ప్రతిసారీ విన్నానమ్మా."

"అయితే నువ్వే చెప్పు," అన్నాను.

మీ అమ్మ బూట్లు విప్పి, ఆయన కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో అప్పటిదాకా ఎవరమూ కూర్చోలేదు. ‘రండి’ అని, ఆగింది. ఆగినంతసేపూ నాకు ఆయన వినబడ్డారు. తర్వాత ‘ఆలస్యమైంది’ అంది. మిగతాది చెప్పుకుంటూ పోయింది, కంచాలు, రొట్టె, మొహమాటం, ఇంకాస్త. తెర మీద వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో మేమెవరమూ పట్టించుకోలేదు. నేను రెండో చెయ్యి నెమ్మదిగా చేశాను, చాలా నెమ్మదిగా, మీ అమ్మ కథలో తెర తెల్లబడే దాకా వచ్చేవరకు.